పొద్దెక్కినా లేవని మంచాలు

మా అబ్బాయి ఫ్లాటులో పడగ్గది మంచం 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. అంటే 39 చదరపు అడుగులు. మియాపూర్‌లో ఆ ఫ్లాటు వాడు కొన్నది అడుగు 7,000 చొప్పున. కాగితం పెన్సిలు తీసుకుని మీరే గుణించండి: మంచం కింద జాగా ఖరీదు 2,73,000 రూపాయలు. అంత పోసి కొన్న నేల మీద మావాడు అర్ధరాత్రి దాటాక వాలతాడు, పొద్దున ఏడింటికి లేస్తాడు. మిగతా పొద్దంతా ఆ నేల మంచానిదే. మనిషి లేస్తాడు గానీ మంచం లేవదు. దుప్పటి ముడత పడకుండా, నాలుగు దిళ్ళు పేర్చుకుని, ఇంట్లో పనీపాటా లేనిది నాకొక్కడికే అనుకుంటుంటే నాకు తోడుగా అదీ పడుంటుంది. ఇక ఇంటిల్లిపాదిదీ ఒకటే గోల: "జాగా చాలట్లేదు నాన్నా."

ఎక్కణ్ణించి చాలుతుంది?

నేను పెరిగింది విజయవాడ సత్యనారాయణపురంలో, అద్దె వాటాలో. నాన్నగారిది రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. క్వార్టరు కోసం అర్జీ పెట్టుకుని, అది మంజూరయ్యేలోపల రిటైరైపోయిన బాపతు. వాటా అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకి విడమరిచి చెప్పాలి. ఇంటాయన తన ఇంటిని నాలుగైదు ముక్కలు చేసి, ముక్కకో సంసారాన్ని పెట్టి, మధ్యలో తను కూచుని ఎవరింటికి ఎంతమంది చుట్టాలొచ్చారో లెక్కపెట్టుకునే ఏర్పాటు. మాకు దక్కిన ముక్కలో పది బై పన్నెండు గది ఒకటి, ఎనిమిది బై పది వంటిల్లు, ముందు ఐదడుగుల వసారా. అన్నీ కలిపితే 250 చదరపు అడుగులు. నుయ్యి, రోలు, స్నానాల గది, దొడ్డి అందరికీ ఉమ్మడి. అందులో అమ్మా నాన్నగారూ, బామ్మ, మేం ఐదుగురు పిల్లలం. ఇంటరు చదవడానికొచ్చి మా ఇంట్లోనే డిగ్రీ కూడా పూర్తిచేసుకుపోయిన మేనత్త కొడుకు, పురిటికొచ్చిన అక్క, తిరపతి పోతూ దిగిన ఊరివాళ్ళు, వీళ్ళంతా పైలెక్క. జాగా చాలట్లేదన్న మాట ఆ ఇంట్లో నేను వినలేదు.

"అన్నా వినే నాథుడెవరు?" అంటుంది మా ఆవిడ. ఆవిడ సంగతి తర్వాత చూద్దాం.

ఆ పది బై పన్నెండు గది తెల్లారేదాకా పడగ్గది. పక్కలు తీస్తే మూల గూట్లో దీపం పెట్టుకునే పూజగది. ఏడింటికి మా చదువుల గది. తొమ్మిదింటికి పీటలు వాలిస్తే భోజనాల గది. నాన్నగారు ఆఫీసుకీ మేం బడికీ పోయాక అమ్మ కుట్టుమిషను గది. సాయంత్రం ఎవరైనా వస్తే చాప పరుచుకుని అదే హాలు. ఒకే గది ఆరు రకాల కొలువు చేసేది. ఇప్పుడు మావాడింట్లో గదికో పని, పనికో గది. భోజనాల బల్ల రోజుకి ముప్పావుగంట తప్పిస్తే మిగతా అంతసేపూ ఊరికే నిలబడి ఉంటుంది. ఊరికే అంటే ఊరికే కాదులెండి, దాని మీద ల్యాప్‌టాపులు, కరెంటు బిల్లులు, మడత పెట్టాల్సిన బట్టలు ఉంటాయి. అందుకని అందరూ కంచాలు పట్టుకుని సోఫాలో కూచుని తింటారు.

రాత్రి పక్కలు పరవడమంటే అదో విద్య. ఎడాపెడా పరిస్తే అంతమంది పట్టరు. భోజనాలయ్యాక అమ్మ తడిగుడ్డతో గదంతా తుడిచి, ఆరేదాకా ఎవర్నీ కాలు పెట్టనిచ్చేది కాదు. ఆ తర్వాత మూలన నిలబెట్టిన చాపల చుట్టలు ఒక్కొక్కటీ వరస తప్పకుండా విప్పేది. తెల్లవారుజామున లేచేది బామ్మ గనక ఆవిడ పక్క వంటింటి గుమ్మం దగ్గర. లేచి ఎవరి కాళ్ళూ తొక్కకుండా నూతి దగ్గరికి పోవాలి కదా. పక్క తడిపే తమ్ముడు అవతలి చివర, నీళ్ళు పోవడానికి తూమున్న గోడ వేపు. పరీక్షలున్నవాడు దీపం కింద. మా అన్నయ్య పొడగరి. వాడికి తిన్నగా కాళ్ళు చాపుకునే వీల్లేక ఈ మూలనుంచి ఆ మూలకి ఏటవాలుగా పడుకునేవాడు. అటూ ఇటూ మిగిలిన రెండు త్రికోణాల్లో చిన్నవాళ్ళం ఇమిడిపోయేవాళ్ళం. కర్ణం భుజం కంటే పెద్దదని లెక్కల మాస్టారు బోర్డు మీద నిరూపించేనాటికి ఆ సంగతి మాకు నిద్రలో కూడా తెలుసు.

నాన్నగారి మడత మంచం వసారాలో. అది వాల్చాక వీధితలుపు తెరుచుకోదు. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరినవాడు నాన్నగారిని లేపి, మంచం మడిపించి లోపలికి రావాల్సిందే. మా అన్నయ్య సెకండ్ షోల జోలికి పోని బుద్ధిమంతుడని వీధంతా పేరు. ఆ పేరు మడత మంచం పెట్టిన భిక్ష.

తెల్లారి అదంతా వెనకనుంచి ముందుకి. ముందు మడత మంచం గోడకి చేరేది, తర్వాత చాపలు చుట్టలయ్యేవి, బొంతలు నాలుగు మడతలేసి రేకుపెట్టెల మీద పేర్చి పైన పాత చీర కప్పేవాళ్ళం. అదే పగలు బామ్మ నడుం ఆనించుకునే బాలీసు. ఆరున్నరకల్లా గది ఖాళీ. ఇంటివారికి పెద్ద నవారు మంచం ఉండేది, అదీ పగలు గోడకి నిలబడాల్సిందే. ఎండాకాలం దాన్ని పెరట్లో వాల్చి పైన పాత పంచె పరిచి ఒడియాలు పెట్టేవారు. ఇక రోహిణీ కార్తెలో బెజవాడ ఎండ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దుగూకగానే డాబా మీద బిందెలతో నీళ్ళు చల్లి, వేడి ఆవిరి పోయాక ఐదు వాటాల జనమూ చాపలూ మరచెంబులూ పట్టుకుని పైకెక్కేవాళ్ళు. ఇంటి విస్తీర్ణం వేసవి రెండు నెలలూ అద్దె పెరక్కుండానే పెరిగేది.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో విలియం మర్ఫీ అని ఒకాయన ఉండేవాడు. ఉండేది ఒంటిగది ఇంట్లోనట. పగలు గోడలోకి లేచిపోయే మంచం తయారుచేసి 1910ల్లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ ఆ తరహా మంచాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. మా నాన్నగారు అదే పని ఒంటి చేత్తో, ఆఫీసు టైముకి ముందు, పేటెంటు లేకుండా రోజూ చేశారు. అలాంటి గోడమంచం మావాడూ చేయించాడు, 2020లో కరోనా వచ్చి రెండో పడగ్గదిని ఆఫీసు చేసుకున్నప్పుడు. చక్కగా గోడలో కలిసిపోయింది, తలుపుకి అద్దం కూడా పెట్టారు. కాకపోతే అది దిగాలంటే ముందు చక్రాల కుర్చీ బయటికి పోవాలి, బల్ల పక్కకి జరగాలి, బల్ల జరగాలంటే ప్రింటరు దిగాలి, ప్రింటరు పెట్టడానికి నేల మీద జాగా కావాలి. ఆ మంచం ఒకసారి లేచిందే గానీ మళ్ళీ దిగలేదు. చుట్టాలొస్తే హాల్లో సోఫాలోనే.

అసలు ఇల్లంటే నేల ఒక్కటే అన్నట్టు మాట్లాడతారేమిటో వీళ్ళు! మా వాటాకి మద్రాసు టెర్రసు కప్పు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో పూడ్చిన కప్పు. నేలనుంచి దూలానికి 12 అడుగులు. మనిషి వాడుకునేది కిందనున్న ఆరడుగులైతే, పైనున్న ఆరడుగుల్నీ వస్తువులు వాడుకునేవి. దూలానికి రెండు తాళ్ళతో వెదురుగడ వేలాడదీస్తే దండెం. మడిబట్టల దండెం మరీ పైన, దానికి బట్ట వెయ్యాలన్నా తియ్యాలన్నా కర్ర కావాల్సిందే. వంటింట్లో ఉట్టి, అందులో పెరుగుకుండ, దాని మీద వెన్నగిన్నె, పిల్లికీ మాకూ కూడా అందకుండా. ఉట్టి కింద నేల మళ్ళీ ఖాళీయే, అక్కడ అమ్మ కత్తిపీట వాల్చుకుని కూరలు తరిగేది.

వంటింటి మీద అటక. ఏడాదికోసారో రెండుసార్లో పనిబడే సామానంతా అక్కడే. కార్యాలకి దింపే గంగాళం, ఒకదాన్లో ఒకటి కూచున్న గుండిగలు, ఏటి చింతపండు కుండ, దొర్లిపోకుండా చుట్టకుదుళ్ళ మీద కూచోబెట్టిన గుమ్మడికాయలు, ప్రతి కాన్పుకీ దిగి మళ్ళీ ఎక్కిపోయే ఉయ్యాల. ఎక్కడానికి నిచ్చెన ఇంటివారిది, అడిగి తెచ్చుకోవాలి. ఇంటావిడ నిచ్చెన ఇస్తూ "ఏమ్మా, చుట్టాలా?" అని ఆరా తీసేది. అందుకని అమ్మ అటక దింపాల్సినవన్నీ ఒకే రోజుకి కూడబెట్టుకునేది.

ఇప్పుడు నివాస గదికి కనీసం 2.75 మీటర్లు, అంటే 9 అడుగుల ఎత్తుండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మావాడి బిల్డరు తొమ్మిదిన్నర ఇచ్చాడు, పాపం ఉదారుడే. ఆ అర అడుగునీ మావాడు ఫాల్స్ సీలింగ్‌కి ధారపోశాడు. పైన చిన్న చిన్న దీపాలు వెలుగుతాయి. కప్పుకీ ఆ అట్టకీ మధ్య అర అడుగు చీకటి ఖాళీగా పడుంది. అడిగితే "లుక్కు కోసం నాన్నా" అన్నాడు. జాగా చాలట్లేదని ఏడ్చేవాడు ఇంటి మొత్తం మీద అర అడుగు మందాన జాగాని మూసేసి, దానికి రంగు వేయించాడు.

గోడల సంగతి అంతకంటే ఘోరం. దీనికి మాత్రం మావాణ్ణి అనను, కాలం మారింది. మునుపు కప్పు బరువంతా గోడే మోసేది, అందుకని అడుగున్నర మందం గోడలు. అంత మందం ఉంది గనక దాన్లోనే గూళ్ళు తొలిచేవారు, పలకలు బిగించి తలుపులు పెడితే గోడ అలమర. దీపం గూట్లో, పుస్తకాలు అలమరలో, చొక్కా చిలక్కొయ్యకి. ఏదీ గోడ దాటి గదిలోకి అంగుళం వచ్చేది కాదు. తర్వాత సిమెంటు స్తంభాలూ దూలాలూ బరువు మోయడం మొదలుపెట్టాయి, గది గోడలు నాలుగున్నర అంగుళాలకి సన్నబడ్డాయి. మేకు కొడితే అవతలి గదిలో వాళ్ళు ఉలిక్కిపడతారు. గోడ సన్నబడితే గది పెరగాలి కదా? పెరిగింది. పెరిగిన జాగాలోకి రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ వచ్చి కూచుంది. పది అడుగుల గదిలో ఈ గోడకి రెండడుగుల వార్డ్‌రోబ్, మధ్యలో మంచం. వార్డ్‌రోబ్ తలుపు తెరవాలంటే మనిషి మంచమెక్కాలి. ఆ మధ్య జరిపే తలుపులు పెట్టించారు. ఇప్పుడు ఎప్పుడు చూసినా సగం బట్టలే కనిపిస్తాయి, కావాల్సింది రెండో సగంలో ఉంటుంది.

పెట్టెల గురించి చెప్పకపోతే అమ్మ ఆత్మ ఊరుకోదు. రేకుపెట్టెలు ఒకదాని మీద ఒకటి, అన్నిటికంటే పెద్దది అడుగున. దాన్లో పట్టుచీరలు, కలరా ఉండలు, దస్తావేజులు, మా జాతకాలు. దాని మీది దాన్లో శాలువాలు, ఎవరో పెట్టిన కొత్త పంచెల చాపులు. పైదాన్లో మా పండగ బట్టలు. సంక్రాంతి బొమ్మల కొలువుకి ఆ పెట్టెలే మెట్లు. పెద్ద పెట్టె వెనక నిలువుగా, దాని ముందు నడిపిది, దాని ముందు రెండు నూనె డబ్బాలు బోర్లించి మీద పలక, అన్నిటికంటే ముందు పీటలు. పైన నాన్నగారి తెల్ల పంచె పరిస్తే పెట్టె ఏదో డబ్బా ఏదో కనిపెట్టడం బ్రహ్మతరం కాదు. అయితే కొలువు ఎత్తేదాకా పెట్టెల్లోంచి ఏదీ తియ్యడానికి లేదు. ఓ సంక్రాంతికి నాన్నగారి ప్రావిడెంట్ ఫండ్ కాగితం ఆఫీసులో అర్జెంటుగా అడిగారు. కాగితం దశావతారాల కింద ఉంది. పండగ వెళ్ళాక తెస్తానని ఆయన ఆఫీసుకి చెప్పి వచ్చారు గానీ అమ్మ కొలువు కదపలేదు.

ఇంకో రహస్యం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మా ఇంట్లో దాచుకోనక్కర్లేని వస్తువులు ఎక్కువ. విస్తరాకులో తింటే కంచానికి అలమర అక్కర్లేదు, తిన్నాక అది పెరటి గోడ అవతల ఆవుకి. ఇరవైమంది వచ్చినా ఇరవై ఆకులే. మావాడింట్లో రోజువారీ ప్లేట్లు వేరు, చుట్టాల ప్లేట్లు వేరు, పెళ్ళిలో వచ్చిన పింగాణీ సెట్టు వేరు. పింగాణీ సెట్టుకి అద్దాల బీరువా. దాన్ని వాడగా నేను చూడలేదు. ఇరవైమంది వస్తే హోటల్నించి భోజనాలతో పాటు అట్టప్లేట్లు తెప్పిస్తారు.

ఈ పతనం మియాపూర్‌లో మొదలవలేదు, బెజవాడలో మా కళ్ళముందే మొదలైంది. ముందు కోడళ్ళతో పాటు ఇనప బీరువా వచ్చింది. అది వచ్చిన గదిలో ఒక మనిషి పక్క శాశ్వతంగా పోయింది, ఎందుకంటే బీరువా పగలూ రాత్రీ నిలబడే ఉంటుంది. తర్వాత షోకేసు. అందులో ఒక ప్లాస్టిక్ తాజమహలు, ఊసులాడుకునే చిలకలజంట, ఎప్పుడో గెలిచిన కప్పు. ఆ తర్వాత టీవీ, టీవీ వెనకే సోఫా. 1987లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మొదలైనప్పుడు మా వీధిలో టీవీ ఉన్న ఇంట్లో, మా గదంతే ఉన్న గదిలో, ఆదివారం పొద్దున వీధి వీధంతా నేల మీద కూచుని చూశాం. గుమ్మంలో కొందరు, కిటికీ అవతల కొందరు. మావాడి హాలు ఆ గదికి రెండింతలు. ఎల్ ఆకారం సోఫా వేశాక ఐదుగురు కూచుంటారు. ఆరోవాడు వస్తే ప్లాస్టిక్ కుర్చీ కోసం బాల్కనీలో వెతకాలి.

మావాడి ఫ్లాటు 1,250 అడుగులని కాగితాల్లో ఉంది. సూపర్ బిల్టప్ అంటారు. అందులో లిఫ్టు, మెట్లు, కింద వాచ్‌మన్ కూచునే చోటు, అన్నిట్లోనూ మనకో పిడికెడు వాటా ఉంటుంది. ఇంటి లోపల కాళ్ళతో తొక్కగలిగింది కొలిస్తే 840. టేపు పట్టుకుని నేనే కొలిచాను, నాకు ఇంకేం పని. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం గోడల మధ్య నికరంగా వాడుకునే జాగా ఎంతో, దాన్నే కార్పెట్ ఏరియాగా చూపించాలి, బాల్కనీ అందులో కలపకూడదు. చూపిస్తారు, ఏదో పేజీలో ఉంటుంది. అయినా జనం మాట్లాడుకునేది ఇంకా ఆ ఉబ్బిన అంకెలోనే. 840 అడుగులకి 87,50,000 పోశాడు గనక అడుగు పదివేలు దాటింది. అంటే నేను మొదట్లో చెప్పిన మంచం లెక్క తప్పు కాదు గానీ తక్కువ. నిజానికి దాని కింద నాలుగు లక్షల పైచిలుకు ఉంది.

పోనీ ఆ మంచమైనా ఊరికే పడుకుందా అంటే, దాని కడుపులో సామాను పెట్టుకోవచ్చని హైడ్రాలిక్ మంచం తెచ్చారు. పరుపుతో సహా పైకి లేస్తుంది, కింద గొయ్యి. అందులో శీతాకాలం రగ్గులు, సూట్‌కేసులు, చుట్టాల దుప్పట్లు. మొన్న సంక్రాంతికి మా తమ్ముడు వచ్చాడు. సోఫాలో కాకుండా ఆ మంచం మీదే పడుకోబెట్టారు. అర్ధరాత్రి చలేస్తోందన్నాడు. మా కోడలు గుణవంతురాలు, పరిగెత్తుకొచ్చింది. వచ్చి మంచం పక్కన నిలబడి, "చిన్నమావయ్యగారూ, ఒక్కసారి లేస్తారా? మీకు దుప్పటి మీ కిందే ఉంది" అంది. వాడు లేచాడు. దిళ్ళు కిందపెట్టారు, పక్కదుప్పటి తీశారు, మంచం కిర్రుమంటూ లేచింది. పిల్లలు లేచారు. పక్క గదిలోంచి నేను లేచాను. దుప్పటి సూట్‌కేసు కింద, సూట్‌కేసు ఇంకో సూట్‌కేసు కింద. పని పూర్తయ్యేసరికి వాడికి చెమటలు పట్టి దుప్పటి వద్దన్నాడు.

వంటింటి అరలన్నీ మాడ్యులర్. మూల అర లాగితే గుండ్రంగా తిరుగుతూ బయటికొస్తుంది, బాగుంటుంది, కాదన్ను. అందులో గాలితో వేయించేది, రొట్టెలు కాల్చేది, రసం తీసేది, రసం ఇంకోలా తీసేది. వీటన్నిటి అట్టపెట్టెలూ పైన లాఫ్టులో భద్రం. వారంటీ అయ్యేదాకా పారేయకూడదట. మా అటక మీద సామానుండేది. వీళ్ళ లాఫ్టులో సామాను వచ్చిన ఖాళీ డబ్బాలున్నాయి. ఇల్లు సర్దుకోవడానికి ఆన్‌లైన్లో మళ్ళీ డబ్బాలు కొంటారు, ఆ డబ్బాలు ఇంకో డబ్బాలో వస్తాయి. మా అమ్మ పోపులపెట్టెలో ఏడు గిన్నెలకీ ఒకటే మూత. ఆ లెక్క తెలిసిన ఇంటీరియరు వాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

జపాను ఆవిడ మారీ కోండో పుస్తకం మా కోడలు చదివింది. ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకుని, ఇది నీకు ఆనందాన్నిస్తోందా అని నిన్ను నువ్వే ప్రశ్నించుకోవాలట. ఇవ్వకపోతే దండం పెట్టి సాగనంపాలి. ఆ ఆదివారం నా పడక్కుర్చీ మీద చర్చ జరిగింది. నేను అందులో కూచునే ఉన్నాను గనక బతికిపోయింది. జపాను వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది అది కాదే తల్లీ అన్నాను. వాళ్ళ పాతకాలం ఇళ్ళలో తాటాకు చాపల్లాంటి గడ్డి చాపల నేల, రాత్రి దాని మీద పరుపు పరుచుకుంటారు, పొద్దున మడిచి గోడ అలమరలో పెట్టేస్తారు. మంచం ఉండదు. మన బొంతలూ రేకుపెట్టెలే అవి. ఆ అధ్యాయం మాత్రం ఎవరికీ నచ్చదు.

"నచ్చదు. ఎందుకు నచ్చుతుంది?" అని ఇక్కడ మా ఆవిడ అందుకుంది. ఆవిడ మాటలు ఆవిడవే రాస్తాను, లేకపోతే రాత్రికి మజ్జిగ ఉండదు. "పొద్దున్నే ఎనిమిది పక్కలు ఎత్తింది మీ అమ్మగారు, ఆవిడ తర్వాత నేను. మీరు ఎత్తింది మీ నాన్నగారి మంచం ఒక్కటి, అది కూడా ఆయనకి నడుం పట్టేశాక. ఎత్తీ ఎత్తీ అత్తయ్యగారు అరవయ్యేళ్ళకే వంగిపోయారు. పెళ్ళైన కొత్తలో మనకి ఆ వంటింట్లో పక్క వేసేవారు, గుర్తుందా? తలుపుకి గడియ కూడా లేదు. బామ్మగారు నాలుగింటికి మంచినీళ్ళకని వచ్చేవారు. నేల మీద కూచుని వండితే మోకాళ్ళు పోయాయి, ఈ గట్టు పుణ్యమా అని నిలబడి రెండు మెతుకులు ఉడకేస్తున్నాను. మీ రోజులు మీకు బాగున్నాయి."

మోకాళ్ళ విషయంలో నాకు అభ్యంతరం లేదు. గట్టు మంచిదే. గడియ విషయమూ సరే. కానీ పక్కలు ఎత్తేది ఎవరన్నది వేరే తగువు, పక్కలు లేవాలా వద్దా అన్నది వేరే తగువు. మా కోడలు ఎత్తక్కర్లేదు, మావాణ్ణే ఎత్తమనండి. జిమ్ముకి డబ్బు కట్టి ఇనప గుండ్లు ఎత్తుతున్నాడు కదా! ఇంట్లో ట్రెడ్‌మిల్ కూడా ఉంది, పదిహేను చదరపు అడుగులు తింటూ. దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారు. ఆ ఇంట్లో దండెం లేదని ఎవరన్నారు?

మునుపు మా ఇంట్లో పనిచేసిన ఆవిడకి కొల్లూరులో ప్రభుత్వం వారి డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చింది. 2023లో ప్రారంభించిన కాలనీ, ఒకే చోట 15,660 ఇళ్ళు, ఒక్కోటి 560 అడుగులు. "పెద్దసారూ, మీరొచ్చి చూడాలె" అని పట్టుబడితే వెళ్ళాం. మనుషులు ఆరుగురు. హాల్లో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాన్లో ఒకటి, మేం వచ్చాక విడిపోయాయి. బియ్యం డ్రమ్ము మీద పలక వేసి, పలక మీద గుడ్డ పరిచి, దాని మీద టీవీ. ఇనప మడత మంచం తలుపు వెనక నిలబడి ఉంది. పిల్లాడు చదువుకునే బల్లకి కాళ్ళు మడతపడతాయి, మడిచి మేకుకి తగిలించేసి ఉంది. బాల్కనీలో పైకి తాడు లాగితే బట్టలతో సహా కప్పు దాకా పోయే దండెం. నేను ఆ తాడు రెండుసార్లు లాగి చూశాను. కప్పు ఎత్తు వాడుకోవడం తెలిసిన మనిషిని చాన్నాళ్ళకి చూశాను. "జాగా సరిపోతోందా?" అని మా ఆవిడ అడిగింది. "గింత జాగ ఉన్నది కదమ్మా, ఇంకేం గావాలె" అంది. వచ్చేటప్పుడు కారులో మావాడు మాట్లాడకుండా డ్రైవింగ్ చేశాడు. ఏదో ఆలోచిస్తున్నాడని సంబరపడ్డాను.

ఆలోచించాడు. మూడు పడగ్గదుల ఫ్లాటు చూశాడు. అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు.

కాదనడానికి నేనెవర్ని, డబ్బు వాడిది, అప్పు బ్యాంకుది. ఒకటే షరతు పెట్టాను. ఆ మూడింట్లో ఒక గదిలో ఏ సామానూ పెట్టకండిరా అన్నాను. మంచం వద్దు, బల్ల వద్దు, వార్డ్‌రోబ్ వద్దు. నాలుగు చాపలు మూలన నిలబెట్టండి, గోడకి నాలుగు చిలక్కొయ్యలు కొట్టండి. పొద్దున పిల్లలు ఆడుకుంటారు, మధ్యాహ్నం నేను నడుం వాలుస్తాను, సాయంత్రం మీ అమ్మ భజన వాళ్ళొస్తారు, రాత్రి ఎంతమంది చుట్టాలొచ్చినా పడతారు. చిత్రమేమిటంటే మా కోడలు సరేనంది. మా ఆవిడ కూడా సరేనంది, చాపలు నేనే చుట్టాలన్న హామీ మీద.

నిన్న ఇంటీరియరు కుర్రాడు వచ్చాడు. ట్యాబులో ఇంటి నక్షా తెరిచి ఒక్కో గదీ వేలితో తడుతూ పోతున్నాడు. మాస్టర్ బెడ్‌రూమ్, కిడ్స్ రూమ్, మూడోదాని దగ్గర ఆగాడు. "అంకుల్, దీని పేరేం పెట్టమంటారు?"

పేరేం లేదు నాయనా, ఖాళీగా ఉంచు అన్నాను.

వాడు కాసేపు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. పేరు కొట్టకపోతే సాఫ్ట్‌వేర్ ముందుకి పోదట. పోనీ ఏదో ఒకటి కొట్టినా, లోపల ఐటమ్ ఏదీ లేకుండా ఖాళీ గదికి కొటేషన్ ఎలా వెయ్యాలో వాళ్ళ ఆఫీసులో కనుక్కుని చెబుతానని వెళ్ళాడు. ఇంకా ఫోను రాలేదు. మావాడు మాత్రం మధ్యేమార్గంగా ఆ గదికి ఫాల్స్ సీలింగ్ ఒక్కటీ వేయిద్దాం నాన్నా అంటున్నాడు.